డాక్టర్ ఓయార్సున్ గారి క్లిప్పులు కదలవు

జూలై 3

ఈ రోజు నుంచి సర్జరీ విభాగం. తెల్లకోటు పెద్దమ్మ ఇస్త్రీ చేసి ఇచ్చింది. కోటుకి కూడా సోపైపియాల వాసన పట్టేసింది. గుమ్మడికాయ కలిపిన పిండిని బిళ్ళలుగా ఒత్తి నూనెలో వేయించి బస్టాండు ముందు బండి మీద అమ్ముతుంది పెద్దమ్మ. వాన పడితే ఊరందరికీ అవే కావాలి. జూలై అంటే మాకు నడి చలికాలం, చలికాలమంతా మా ఊళ్ళో వాన తెరిపివ్వదు. కాబట్టి మా ఇంట్లో దుప్పట్లకీ తలగడలకీ నా పుస్తకాలకీ అదే వాసన. నా తోటి విద్యార్థి గాస్పర్ పక్కన నిలబడి, "నోయెమీ, నీ పక్కనుంటే ఆకలేస్తోందే బాబూ" అన్నాడు. వాడితో ఇక మాట్లాడకూడదని నిర్ణయించుకున్నాను. మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు కూడా.

డాక్టర్ ఓయార్సున్ గారిని ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. మా ఊళ్ళో ముప్పై దాటిన ఆడవాళ్ళలో పిత్తాశయం ఇంకా ఉన్నవాళ్ళని వెతుక్కోవాలి. మిగతా వాళ్ళందరివీ ఆయనే తీశారు. పెద్దమ్మదీ ఆయనే తీశారు, మూడేళ్ళ కిందట. ఆయన వీధిలో ఎదురైతే ఆడవాళ్ళు, "నాదీ మీ చేత్తోనే పోయింది డాక్టర్ గారూ" అంటారు. అలా చెప్పడం మా ఊళ్ళో ఒక మర్యాద.

"నాలుగు చిన్న కన్నాలు, నాలుగు క్లిప్పులు, మర్నాడు ఇంటికి. ఇదీ నా పద్ధతి" అన్నారాయన. "క్లిప్పంటే బట్టల క్లిప్పులాంటిదే, కాకపోతే గోరంత కూడా ఉండదు. పిత్తాశయం కోసి తీసేశాక మిగిలిన గొట్టం మూతినీ, దాని పక్కనున్న రక్తనాళాన్నీ పట్టి నొక్కుతుంది. బతికున్నంత కాలం లోపలే ఉంటుంది. వేరేవాళ్ళ సంగతి నాకు తెలీదు. నా క్లిప్పులు కదలవు."

"ఆయనా కదలరు, ఆ కుర్చీలోంచి" అన్నాడు గాస్పర్ నా చెవిలో. నేను నవ్వలేదు. దగ్గాను.

అక్టోబరులో సాంతియాగోలో సర్జన్ల మహాసభ ఉందట. 'శస్త్రచికిత్స తర్వాత వచ్చే అరుదైన చిక్కులు' మీద విద్యార్థులు వ్యాసాలు రాయాలి. బాగా రాసినవాళ్ళు వేదిక ఎక్కి చదవాలి. ఒకే ఒక్క షరతు. ఉదాహరణలన్నీ బయటి దేశాలవి కావాలి. "మన దగ్గర చిక్కులు లేవు కాబట్టి" అన్నారు డాక్టర్ గారు.

అరుదైన. దారి పొడుగునా ఆ మాటే నోట్లో చప్పరిస్తూ ఇంటికొచ్చాను.

జూలై 8

దొరికింది! కీహోల్ సర్జరీ తర్వాత క్లిప్పుల వలస.

నిజంగానే అలా అంటారు. వలస. పక్షులు వలస వెళ్తాయని తెలుసు, మనుషులు వెళ్తారని తెలుసు. పొట్టలో పెట్టిన లోహపు ముక్క కూడా ఏళ్ళ తరబడి మెల్లగా, ఎవరికీ చెప్పకుండా, బయల్దేరిన చోటు వదిలి వెళ్ళిపోతుందట. ఒకరికి పేగులోకి జారి పుండు చేసింది. ఒకరికి తెలియకుండానే బయటికి పోయింది. ఇంకొకరికి పిత్తనాళంలోకి దూరింది, దాని చుట్టూ రాయి పేరుకుంది. 'ఇసుక రేణువు చుట్టూ ముత్యం పెరిగినట్టు' అని రాసుకున్నాను.

గాస్పర్ చదివి, "ఆ ముత్యాన్ని ఎవరి మెళ్ళో వేస్తావు?" అన్నాడు. వాడికి భాష తెలియదు.

జూలై 14

పెద్దమ్మకి మళ్ళీ నొప్పి. వ్యాసం రెండో పేరా మధ్యలో ఆగిపోయింది.

జూలై 20, ఆదివారం

సాయంత్రం టీకి పక్కింటి నోల్ఫా వచ్చింది, చేతిలో తన సీసాతో. ఆవిడ పిత్తాశయంలోంచి తీసిన రాళ్ళు అందులో ఉంటాయి. మా ఇంట్లో పెద్దమ్మ సీసా రేడియో పక్కన ఉంటుంది. ఈ ఊళ్ళో రాళ్ళ సీసా లేని ఇల్లుంటే, ఆ ఇంట్లో ఆడవాళ్ళు లేరని అర్థం. ఇద్దరూ సీసాలు బల్ల మీద పెట్టుకుని, ఎవరివి నున్నగా ఉన్నాయో, ఎవరివి లావో మళ్ళీ మొదట్నుంచీ వాదించుకున్నారు. నేను పుట్టకముందు నుంచీ ఇలా ఏదో ఒకదాని మీద వాదించుకుంటూనే ఉన్నారట.

వాదన మధ్యలో పెద్దమ్మ కుడిపక్క డొక్క పట్టుకుని వంగిపోయింది. నొప్పి వీపులోకి పాకుతోందంది.

"గాలి పట్టింది వదినా" అంది నోల్ఫా. "వేడి నూనె ముందు నిలబడతావు, తిరిగి చూస్తే చల్లటి వాన. లోపల గాలి అటూ ఇటూ కొట్టుకుంటుంది."

"మూడు నెలల్నుంచి ఒకే గాలా?"

"గాలికి నెలలేంటి? అయినా ఇంట్లో డాక్టరమ్మని పెట్టుకుని నన్నడుగుతావేం? ఏమే పిల్లా, చెప్పు."

ఇద్దరూ నా వైపు చూశారు. నన్ను డాక్టరమ్మ అనడం ఇదే మొదటిసారి. వెన్ను నిటారుగా పెట్టుకుని, "పెద్దమ్మా, నూనె తగ్గించాలి" అన్నాను.

"నేను అమ్మేదేగానీ తినేది కాదే తల్లీ. ఆపరేషన్ అయ్యాక ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేదు."

"వాసన కూడా పడకపోవచ్చు."

ఇది ఏ పుస్తకంలోనూ లేదు. అయినా చెప్పిన తీరు నాకే నచ్చింది. నోల్ఫా తల ఊపి, బోల్దో ఆకు కషాయం కాచింది. దాంతో తగ్గింది. బోల్దోతో తగ్గిందంటే గాలే అయి ఉంటుంది.

జూలై 29

పెద్దమ్మని డాక్టర్ ఓయార్సున్ గారికి చూపించాను. విద్యార్థులందరం చుట్టూ నిలబడ్డాం. ఆమె నా పెద్దమ్మ అని ఎవరికీ చెప్పలేదు, కానీ సోపైపియాల వాసన చెప్పేసింది.

"ఏమ్మా, నాదీ మీ చేత్తోనే పోయింది అనడం లేదేం?" అన్నారు నవ్వుతూ.

"పోయింది డాక్టర్ గారూ, మీ చేత్తోనే. నొప్పి మాత్రం పోలేదు. ఇక్కడ మొదలై ఇలా వీపులోకి..."

"ఎక్స్‌రే ఫిల్ము తీద్దాం, మీ మనశ్శాంతి కోసం."

తీశారు. కిటికీ వెలుగుకి పెట్టి, రెండుసార్లు రెప్పవేసేంత సేపు చూశారు. "క్లిప్పులు. ఈ ఊళ్ళో ఎవరి పొట్ట చూసినా క్లిప్పులే. చొక్కాకి గుండీల్లాంటివమ్మా ఇవి, నేను లెక్కే పెట్టను. కదలవు." మా వైపు తిరిగారు. "రాసుకోండి. ఈ దేశంలో ఆడవాళ్ళకి మూడే జబ్బులు. పిత్తాశయం, నరాలు, కోడలు. మొదటిది నేను తీసేశాను."

"నాకు పెళ్ళే కాలేదు డాక్టర్ గారూ, కోడలెక్కడిది?" అంది పెద్దమ్మ.

"అయితే నరాలే."

అందరం నవ్వాం. రాసుకున్నాం కూడా. పెద్దమ్మ జాకెట్టు గుండీలు పెట్టుకుంటూ, తను కూడా కొంచెం నవ్వింది.

ఫిల్ము ఇంటికి తెచ్చుకున్నాం. సాయంత్రం దీపానికి అడ్డుపెట్టి చూస్తే ఎంత అందంగా ఉందో! నాలుగు క్లిప్పులు. మూడు ఒకచోట, తీగ మీద వాలిన పిచ్చుకల్లా. నాలుగోది వాటికి దూరంగా, కింద వెన్నెముక పక్కన ఒంటరిగా, గుంపు ఎగిరిపోతున్నా ఇంకేదో ఆలోచించుకుంటూ ఉండిపోయిన పిట్టలా. ఈ పోలిక వ్యాసంలో ఎక్కడైనా వాడుకోవాలి.

ఆగస్టు 5

వంటింటి దీపం కింద పెద్దమ్మ కళ్ళు పచ్చగా కనిపించాయి. బల్బు మార్చాను. పాతది మరీ పసుపు.

ఆగస్టు 6

కొత్త బల్బూ కొంచెం పసుపే.

ఆగస్టు 12

నిన్న పెద్దమ్మకి చలిజ్వరం. పళ్ళు కటకటలాడుతుంటే మూడు దుప్పట్లు కప్పాను. కట్టెలమ్మేవాడు పచ్చి కట్టెలు ఇచ్చాడు, పొయ్యి అంటుకోదు, పొగ తప్ప వేడి లేదు. వాణ్ణి బాగా తిట్టాను. ఈ రోజు పెద్దమ్మ లేచి బండి దగ్గరికి వెళ్ళింది. ఏమైనా ఉంటే వెళ్ళగలిగేదా?

వ్యాసంలో మూడో భాగం పూర్తయింది. 'వలస వెళ్ళిన క్లిప్పు మొదట ఏ సంకేతమూ ఇవ్వదు. ఇచ్చినప్పుడు కూడా దాన్ని వేరే జబ్బుగా పొరబడటం పరిపాటి.' పరిపాటి! ఈ మాట వాడాలని ఎన్నాళ్ళుగానో చూస్తున్నాను.

ఆగస్టు 19

నాదే. నాదే ఎంపికైంది!

డాక్టర్ ఓయార్సున్ గారు తన గదికి పిలిపించారు. "పిల్లా, నువ్వు రాస్తావే" అన్నారు. ఆ మూడు మాటల్నీ ఎత్తి ఇక్కడ పెట్టుకుంటున్నాను. నువ్వు. రాస్తావే. సరే, రెండే మాటలు.

"ముగింపులో మాత్రం ఒక వాక్యం తక్కువైంది. రాసుకో. 'మా విభాగంలో ఇలాంటిది ఎన్నడూ సంభవించలేదు.'"

"అది మనకెలా తెలుస్తుంది డాక్టర్ గారూ?" అన్నాను. ఊరికే, తెలుసుకుందామని.

"ఎన్నడూ సంభవించలేదు కాబట్టి తెలుస్తుంది."

రాశాను. ఎన్నడూ. ఎంత నిండైన మాట.

ఆగస్టు 27

పెద్దమ్మకి ఒళ్ళంతా దురద. సబ్బు మార్చాం. బల్బు మార్చాం, కట్టెలు మార్చాం, సబ్బు మార్చాం. తను మాత్రం అలానే ఉంది.

సెప్టెంబరు 1

పెద్దమ్మ బండి దగ్గరికి వెళ్ళలేదు. వాన పడుతోంది, అయినా వెళ్ళలేదు. పద్దెనిమిదిన స్వాతంత్ర్య దినోత్సవం వస్తోంది కదా, ఇప్పుడు కాస్త విశ్రాంతి తీసుకుంటే ఆ పండగ వారంలో బాగా అమ్ముకోవచ్చట. తెలివైన ఆలోచన.

సెప్టెంబరు 7, ఆదివారం

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం పెద్దమ్మ, "ఆ వేదిక మీద చదివేది మాకు ముందు చదవవే" అంది. శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుంది. నోల్ఫా పక్కన కూర్చుంది. నేను కోటు వేసుకుని నిలబడి మొదలుపెట్టాను. ముత్యం దగ్గర నోల్ఫా "అబ్బ!" అంది. నాకు ఊపొచ్చింది.

నాలుగో పేజీలో పెద్దమ్మ చేతిలో కప్పు సాసరు మీద టకటకా కొట్టుకోవడం మొదలైంది. నా వాక్యాలన్నిటిలోకీ మంచి వాక్యం ఆ చప్పుడులో కలిసిపోయింది. నాకు చిరాకేసింది. గొంతు పెంచాను. "ముందు అలలు అలలుగా నొప్పి. డొక్కలోంచి వీపులోకి. ఆ తర్వాత వణుకుతో జ్వరం. ఒకరోజు తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. కళ్ళు పచ్చబడతాయి. ఒళ్ళంతా దురద..."

కప్పు ఇంకా కొట్టుకుంటోంది.

"ఆపావేం? చదువు" అంది పెద్దమ్మ. "బాగుంది. ఆ మనిషి బతికిందా?"

"ఎవరు?"

"అదేనే, నువ్వు చదువుతున్నావే, ఆవిడ."

కాగితం చూశాను. ఆవిడ ఎవరో నాకు తెలియదు. ఏ దేశమో రాశాను, వయసు రాశాను, క్లిప్పు ఎంత దూరం వెళ్ళిందో రాశాను. తల ఎత్తి చూస్తే పెద్దమ్మ కిటికీ పక్కనుంది. వాన ఆగి ఎండ వచ్చింది. బల్బు వెలగడం లేదు. అయినా పెద్దమ్మ కళ్ళు నిమ్మతొక్కలా పచ్చగా ఉన్నాయి.

"ఎందుకే అలా చూస్తావు? పాపం చచ్చిపోయిందా?" అంది నోల్ఫా.

గబగబా వెళ్ళి ఫిల్ము తీశాను. మూడు పిచ్చుకలు, ఒక ఒంటరి పిట్ట. నా చేత్తోనే ఈ డైరీలో రాసుకున్నాను కదా, దూరంగా ఒంటరిగా ఉందని. చూశాను, మెచ్చుకున్నాను, దాచుకున్నాను.

టాక్సీలో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. సెలైన్ పెట్టారు, మందులు ఎక్కిస్తున్నారు. అక్కడి కుర్ర డాక్టరు నేను చెప్పింది విన్నాడు, రక్తం రిపోర్టు చూశాడు, ముఖం మారింది. పిత్తనాళం మూసుకుపోయింది, వెనకాల చీము పడుతోంది. నోట్లోంచి కెమెరా గొట్టం పంపి తెరవాలి. తెరవకపోతే ఈ విషం రక్తంలోకి పాకుతుంది. "కానీ ఆ గొట్టానికి సర్జరీ పెద్దాయన సంతకం ఉండాలి" అన్నాడు. "పండగ సెలవుల ముందు పేషెంట్ల జాబితా రేపటితో మూసేస్తారు. రేపు సంతకం పడకపోతే సెలవులు అయ్యాకే. ఈమె అప్పటిదాకా..." ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. పూర్తి చెయ్యని వాక్యాలు ఎందుకుంటాయో ఈ రోజు తెలిసింది.

సెప్టెంబరు 8

పొద్దున్నే బస్టాండుకి వెళ్ళాను. పొయ్యి గాలికి ఆరిపోకుండా పెద్దమ్మ బండికి ఒకవైపు పాత ఎక్స్‌రే ఫిల్ము కట్టింది. అది ఆపరేషన్ అయిన వారానికి తీసినది. నూనె మరకలు తుడిచి చూశాను. నాలుగు క్లిప్పులూ ఒకేచోట ఉన్నాయి.

రెండు ఫిల్ములతో డాక్టర్ ఓయార్సున్ గారి గదిలోకి వెళ్ళాను.

"దీనికి నూనె అంటుకుందేంటి?"

"డాక్టర్ గారూ, అప్పుడు నాలుగూ ఒకచోట ఉన్నాయి. ఇప్పుడు మూడే ఉన్నాయి. నాలుగోది పిత్తనాళంలో ఉంది. మా పెద్దమ్మకి కామెర్లు, జ్వరం."

ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. ఈసారి రెప్ప వెయ్యలేదు. "ఊపిరి బిగబట్టి ఉంటుంది. ఊపిరి బిగబడితే అన్నీ అటూ ఇటూ అయినట్టు కనిపిస్తాయి."

"ఒక్కటే అయిందండీ."

"నోయెమీ." నా పేరు ఆయనకి తెలుసని అప్పుడే తెలిసింది. "నీ వ్యాసం ముగింపు చదువు."

చదవలేదు. నాకు నోటికొచ్చు.

"మా విభాగంలో ఎన్నడూ సంభవించలేదు. రాసిందెవరు? నువ్వు. చాలా బాగా రాశావు. ఇప్పుడొచ్చి సంభవించిందంటే, అక్టోబరులో ఏం చదువుతావు? నా క్లిప్పు కదిలిందని చదువుతావా, అంతమంది సర్జన్ల ముందు? పేషెంటుకి మందులు ఎక్కుతున్నాయిగా. సెలవులయ్యాక చూద్దాం."

నాకు ఏడుపొచ్చింది. నాకొచ్చిన మాటల్లో ఒక్కటీ పనికి రాదు. నిజం చెప్పాను, ఫిల్ములు చూపించాను, రెండూ ఆయన బల్ల మీదే పడున్నాయి. పెన్ను ఆయన జేబులో ఉంది. అందరి ముందూ వేలితో మీసం దువ్వుకుంటూ, వేదిక ఎక్కినప్పుడు ఎలా నిలబడాలో మాకు నేర్పిన మనిషి. ఆ వేదికే గుర్తొచ్చింది. అంతే, నోరు తనంతట తనే కదిలింది.

"సరే డాక్టర్ గారూ. పక్క ఊరి ఆస్పత్రివాళ్ళు ఎలాగూ ఒకటి తెస్తున్నారట కదా మహాసభకి. వాళ్ళదే మొదటిదవుతుంది."

మీసం మీద వేలు ఆగింది. "ఏం తెస్తున్నారు?"

"క్లిప్పు వలస కేసు. దేశం దక్షిణాన ఇదే మొదటిదని చెప్పుకుంటారట."

"ఎవరు చెప్పారు?"

"అందరూ అనుకుంటున్నారు." అందరూ అంటే నేనే.

"వాళ్ళ దాని చుట్టూ రాయి పేరుకుందా?"

"లేదట. ఊరికే క్లిప్పే."

"ఎంత దూరం వెళ్ళింది?"

"మనదానంత దూరం వెళ్ళలేదు."

మనది. ఆయన ఫిల్మును మళ్ళీ కిటికీకి పెట్టారు. చూస్తూ చూస్తూ ఆయన ముఖం విచ్చుకుంది. మనవణ్ణి మొదటిసారి చూసిన తాతలా ఉన్నారు. "చూడు, ఎంత శుభ్రంగా దిగిందో! అంచు కూడా వంగలేదు. మంచి క్లిప్పు కాబట్టే ఇంత దూరం వెళ్ళగలిగింది. పాడు క్లిప్పయితే దారిలో ఊడి ఎక్కడో పడుండేది." పెన్ను తీశారు. "నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉంది."

సంతకం పడింది. రేపు మొదటి కేసు పెద్దమ్మదే.

అబద్ధం చెప్పాను. వాక్యం మాత్రం బాగా కుదిరింది.

సెప్టెంబరు 9

తీశారు. గొట్టం వేసిన డాక్టరమ్మ కాగితపు గుడ్డ మీద పెట్టి చూపించింది. గోధుమరంగు రాయి, పెసరబద్దంత. నొక్కితే పొడిపొడి అయింది. మధ్యలో క్లిప్పు మెరుస్తోంది. దాన్ని ఏదైనా ఒక దానితో పోలుద్దామని చూశాను. అది క్లిప్పులాగే ఉంది.

డాక్టర్ ఓయార్సున్ గారు విద్యార్థులందర్నీ వెంటబెట్టుకుని వార్డులోకి వచ్చారు. పెద్దమ్మకి అప్పుడే మత్తు దిగింది.

"అభినందనలమ్మా! మీకు వచ్చింది చాలా అరుదైనది. మన ఊళ్ళో ఇలాంటిది ఎవరికీ రాలేదు."

పెద్దమ్మ ఆయన వైపు చూసింది. మెల్లగా, గొంతు గీరుకుపోయి, "అంటే నొప్పి నిజమేనా?" అంది.

గాస్పర్ బూట్ల వైపు చూశాడు. నేను కూడా. ఎన్ని నెలలు పెద్దమ్మ తన మాట తనే నమ్మకుండా గడిపిందో, మేమందరం కలిసి ఎంత శ్రద్ధగా తనకి అది నేర్పించామో!

"నిజమే పెద్దమ్మా" అన్నాను. "మొదట్నుంచీ నిజమే."

"ఊఁ" అంది. కళ్ళు మూసుకుంది. "నాకూ అలానే అనిపించింది."

సెప్టెంబరు 18

జెండాలు, సంగీతం, ఎండ. పెద్దమ్మ మాంసం కూరి కజ్జికాయలా చేసిన ఎంపనాద ఒకటి సగం తిని, మిగతా సగం నోల్ఫాకి ఇచ్చింది. కళ్ళు తెల్లగా ఉన్నాయి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఇప్పుడొకసారి చూశాను. "ఇంక చాల్లేవే, నా కళ్ళు అరిగిపోతాయి" అంది.

అక్టోబరు 9

వ్యాసం నేను చదవడం లేదు. డాక్టర్ ఓయార్సున్ గారే చదువుతారట. విషయం పెద్దదైపోయిందట. 'పేషెంటు మొదటిసారి రాగానే వలసను అనుమానించాం' అని రాసి ఇవ్వమన్నారు. 'పేషెంటు మొదటిసారి రాగానే నరాలన్నాం, అందరం నవ్వాం' అని రాసి ఇచ్చాను. ఆయన కొట్టేశారు. నేను మళ్ళీ రాశాను. ఆయన మళ్ళీ కొట్టేశారు. నా పేరు కూడా కొట్టేశారు. మూడోసారి రాయలేదు. చివర్లో కృతజ్ఞతల దగ్గర ఆస్పత్రి క్యాంటీన్ తర్వాత నా పేరుంది.

అక్టోబరు 20

చప్పట్లు బాగా కొట్టారట. పక్క ఊరివాళ్ళు భయపడి తమ కేసు వెనక్కి తీసుకున్నారని డాక్టర్ గారు అందరికీ చెబుతున్నారు.

అక్టోబరు 24

ఏం జరిగిందంటే, నోల్ఫా చెప్పింది. బేకరీలో చెప్పింది, చర్చిలో చెప్పింది, బస్సు ఆగినచోటల్లా చెప్పింది. ఉబెర్లిందా క్లిప్పు, అంటే మా పెద్దమ్మది, కదిలిందని ఊరంతా తెలిసింది. పొద్దున వచ్చేసరికి ఆస్పత్రి గేటు దాకా ఆడవాళ్ళు, ఒక్కొక్కరి చంకలో పాత ఫిల్ము కవరు. వాటిలో కొన్ని కిటికీలకి కట్టినవి, ఒకటి కోళ్ళగూటి మీద వేసినది. అందరూ కుడి డొక్క పట్టుకునే ఉన్నారు.

"నాదీ మీ చేత్తోనే పోయింది డాక్టర్ గారూ" అంటున్నారు. మాట అదే. గొంతు మాత్రం వేరు.

ఆయన తన గది తలుపు వేసుకున్నారు. ఫిల్ములు చూసే పని నాకూ గాస్పర్‌కీ పడింది. గాస్పర్ మొదటి ఫిల్మే చూసి, "మామూలే" అన్నాడు.

"ఏంటి నాయనా మామూలు?" అంది ఒకావిడ. "లెక్కపెట్టు. పైకి లెక్కపెట్టు, నేను వింటాను."

లెక్కపెట్టాడు.

అక్టోబరు 30

వారమంతా చూశాం. ఎవరి క్లిప్పూ కదల్లేదు. చాలామందికి గాలే. ఇద్దరికి నిజంగానే కోడలు. ఒకావిడకి మూత్రపిండంలో రాయి ఉంది, ఏడాదిగా నరాలని మందులు మింగుతోంది. ఆమెను పై అంతస్తుకి పంపాం.

సాయంత్రం బల్ల సర్దుకుంటుంటే తలుపు తోసుకుని డాక్టర్ ఓయార్సున్ గారు వచ్చారు. కోటు కాలరు పైకి లేపుకుని ఉన్నారు. చంకలో ఒక పాత కవరు.

"గాస్పర్ వెళ్ళిపోయాడా?"

"వెళ్ళిపోయాడండీ."

"ఇది... చదువుకోడానికి పనికొస్తుందని తెచ్చాను. చూడు."

ఫిల్ము మీద పేరు ఆయనదే. సాంతియాగోలో ఎవరో తీశారట, ఆయన పిత్తాశయం. ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. దీపానికి పెట్టి ఒక్కొక్కటే చూశాను, తొందరపడలేదు. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

"కదల్లేదండీ."

"ఇంకోసారి చూడు."

చూశాను. "కదల్లేదు."

ఆయన కవరు తీసుకోలేదు. నిలబడే ఉన్నారు. చెయ్యి మెల్లగా డొక్క మీదికి వెళ్ళింది. "మరి నాకు ఇక్కడ..." అని ఆగారు. తలుపు వైపు చూశారు. ఎవరైనా వింటున్నారేమోనని.

నేను చెప్పగలిగినవి చాలా ఉన్నాయి. ఒక్కొక్కటి ఎంత చక్కగా అతుకుతుందో! నరాలు, కోడలు, అన్నీ ఆయన నోటి నుంచి రాసుకున్నవే. నోటి దాకా వచ్చాయి కూడా.

కుర్చీ ఇటు జరిపాను. "కూర్చోండి డాక్టర్ గారూ. నొప్పి ఎప్పుడు మొదలైంది?"

ఆయన కూర్చున్నారు. చాలాసేపు చెప్పారు. నేను ఏమీ రాసుకోలేదు, విన్నాను.